తొక్కని నిమ్మకాయలు

హంతకుణ్ణి వెతకడానికి బయల్దేరిన మనిషి దారిలో ఆగి తన కారుకు టైర్లు బేరం చేస్తుందా? నేనైతే చెయ్యను. సూర్యప్రభగారు చేశారు.

నా పేరు బాబురావు. ఆమె దగ్గర గుమాస్తాను. నల్లకోటు తొడుక్కుంటే ఆమె వకీలు, విప్పితే డిటెక్టివ్. పాతబస్తీలో మాత్రం రెండింటికీ కలిపి వకీలమ్మ అనే పిలుస్తారు. ఇన్నేళ్ళుగా ఆమె వెనక సంచీ మోస్తున్నా, ఆమె ఏ పని ఎందుకు చేస్తున్నారో ఆ పని అయిపోయేదాకా నాకు అర్థం కాదని ఒప్పుకోవడానికి నాకేమీ సిగ్గులేదు. అర్థమయ్యాక దండం పెట్టుకోవడమే నా వంతు.

ఆ సోమవారం పొద్దున్నే అలివేలు ఆఫీసు గుమ్మంలో కూచుని ఉంది. జగన్నాథం సేటు కారు నడిపే రాజన్న భార్య. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"వకీలమ్మా, రేపు అదాలత్‌ల కాగితాలు పెడ్తరంట. పెట్టినంక నా మొగుణ్ణి ఉరికంబం కాడ్నే చూసుకోవాల్నా?"

"రేపటికి ఇంకా ఇయ్యాల ఉన్నది అలివేలూ. లేచి మొఖం కడుక్కో," అన్నారు సూర్యప్రభగారు.

కేసు చూస్తే నాకు మాత్రం ధైర్యం చాలలేదు. శుక్రవారం రాత్రి జహనుమాలో మట్టిరోడ్డు మీద ఇంటికి నడిచిపోతున్న సదాశివను ఒక కారు గుద్దింది. గుద్ది ఆగలేదు. వెనక్కి వచ్చి మళ్ళీ తొక్కింది. అది ప్రమాదం కాదని బురదే చెప్పింది. ఆ బురదలోనే అరిగిపోయిన టైర్ల గుర్తులు పడ్డాయి. అందులో ఒక టైరుకు పక్కన గడ్డలాగా ఉబ్బు ఉంది. ఆ ఉబ్బు టైరు జగన్నాథం సేటు నల్ల ఆస్టిన్ కారుదని బస్తీలో ఎవరిని లేపి అడిగినా చెబుతారు. కానీ శనివారం పొద్దున పోలీసులు వెళ్ళేసరికి ఆస్టిన్‌కు నాలుగూ కొత్త టైర్లే ఉన్నాయి. పాతవి మాయం.

రాజన్న చెప్పింది ఇది. సాయంత్రం కారు షెడ్డులో పెట్టి, తాళంచెవి హాల్లో మేకుకు తగిలించి ధూల్‌పేటలో ఇంటికి వెళ్ళిపోయాడు. పొద్దున వచ్చేసరికి కొత్త టైర్లు ఎక్కి ఉన్నాయి. సేటే ఎవరినో పిలిపించి ఎక్కించుకున్నాడని అనుకున్నాడు. సేటు మాత్రం తనకేమీ తెలియదన్నాడు. అంతకుముందు వారమే సదాశివ నలుగురిలో రాజన్న చెంప పగలగొట్టాడు. ఇన్‌స్పెక్టర్ ప్రహ్లాద్‌కు ఇంకేం కావాలి? రాజన్నను హవాలాత్‌లో వేసి తాళం పెట్టాడు.

సదాశివ ఎవరో కాదు, జగన్నాథం సేటు బాబాయి కొడుకు. ఇద్దరిదీ ఒకే బట్టల దుకాణం. ఆ దుకాణం పంపకాల లొల్లి రెండేళ్ళుగా నలుగుతూనే ఉంది. సేటు కూడా ఆదివారాలు సరదాకి కారు నడుపుతాడు. కానీ జగన్నాథం సేటు మీద వేలెత్తి చూపే ధైర్యం ఎవరికి? తెల్లవారుజామునే స్నానం చేసి దేవుడి గూట్లో దీపం పెట్టనిదే మంచినీళ్ళు ముట్టని మనిషి. చీమను తొక్కితే చెంపలేసుకునే మనిషి.

ఇంత గండంలో మా వకీలమ్మ షాలిబండలో ఆగయ్య టైర్ల దుకాణం ముందు మోరిస్ కారు ఆపారు.

"ఆగన్నా, రెండు టైర్లు కావాలె. ఎట్ల ఎంచుకోవాల్నో జెర జెప్పు. నాకు అన్నీ నల్లగనే కనబడ్తయి."

నాకు నవ్వొచ్చింది. ఇంజను చప్పుడు విని రోగం చెప్పే మనిషికి టైర్లన్నీ ఒక్కలాగా కనబడతాయట! ఆగయ్య మాత్రం ఉబ్బిపోయాడు.

"ముందటి చక్రాలకు గీతల టైరు దీస్కోవాలె వకీలమ్మా. నిలువు గీతలుంటయి సూడు, గవి. స్టీరింగు ఎటు తిప్పితే అటు పోతది, వానల పక్కకు జారది. ఎనుకకు గళ్ళ టైరు. బురదను గట్టిగ పట్కొని బండిని ముందటికి తోస్తది. అటియి ఇటు ఏస్తే బండి తాగినోని లెక్క నడుస్తది."

"ఇంత సాఫ్‌గ నీకెవరు జెప్పిండ్రే?"

ఆగయ్య మొహం చిన్నబోయింది. "అబద్ధం జెప్ప. రాజన్న జెప్పిండు. మొన్న బుధవారం ఆస్టిన్‌కు నాలుగు టైర్లు గీడ్నే కొన్నడు. గట్ల ఎంచుకునేటోన్ని నేనింతవరకు చూడలే. ఒక్కొక్కటి ఎండలకు దీస్కపోయి తిప్పి తిప్పి జూసిండు. బొటనేలుతోని ఒత్తిండు. ముక్కుకాడ పెట్టుకొని వాసన జూసిండు, పాత సరుకైతే రబ్బరు వాసన సచ్చిపోతదంట. అంచుకాడ వెంట్రుకంత పగులున్నదని ఒకటి పక్కకు పెట్టిండు. పెండ్లికి పిల్లను గూడ గంత జూసి ఉండడు!"

"ఈడ్నే ఎక్కించుకొని పోలేదా మరి?"

"నాగమణమ్మ ఒప్పుకోలే. గదే, సేటు తల్లి. ఏకాదశి నాడు హారతిచ్చి, నిమ్మకాయలు తొక్కిచ్చి ఎక్కియ్యాలన్నది. ఆళ్ళ షెడ్డుల మూలకుపడ్డ పాత ఆస్టిన్ ఇంకోటున్నది. దాని చక్రాలు నాలుగు తెచ్చిచ్చిండు రాజన్న. నేను వాటికి టైర్లెక్కిచ్చి గాలి గొట్టిచ్చి పంపిన. ముహూర్తం యాళ్ళకు జాకీ పెట్టి బోల్టులు బిగిస్తే అయిపాయె."

"అంటే జాకీ తిప్పొచ్చినోడు ఎవడైనా ఎక్కియ్యొచ్చు."

"ఎవడైనా."

మా మోరిస్‌కు రెండు గళ్ళ టైర్లు వెనక ఎక్కాయి. కారు స్టార్టు చెయ్యబోతుంటే ఆగయ్య పరుగెత్తుకొచ్చాడు. ట్యూబుల పెట్టె పక్కన ఒక బుట్టనిండా నిమ్మకాయలు ఉంటాయి. రెండు తీసి టైర్ల ముందు పెట్టి, రబ్బరు మీద కుంకుమ బొట్టు పెట్టాడు.

"ఈ బస్తీల నిమ్మకాయ తొక్కకుంట ఒక్క కొత్త టైరు రోడ్డెక్కది. హిందువైనా, తురకాయనైనా. రాజన్ననైతే అడగనే వద్దు. పంచరైతే ఎక్కిచ్చే స్టెప్నీకి గూడ తొక్కిస్తడు."

కారు ముందుకు కదిలింది. చిటుక్కుమని రెండు కాయలూ చితికాయి. నేను పకపకా నవ్వాను. సూర్యప్రభగారు నవ్వలేదు.

"నవ్వకు బాబురావ్. మనుషులు అబద్ధమాడుడు మానుకుంటరు, తాగుడు మానుకుంటరు. గిసుంటియి మానుకోరు. ఇయ్యాల తిథి ఏంది?"

"ఏకాదశి."

"అంటే ఆస్టిన్ టైర్లకు హారతి ఇయ్యాల్సింది ఇయ్యాల్నే." ఆ తరువాత ఆమె కారును జహనుమా వైపు తిప్పారు.

సేటు ఇంటి పక్కనే షెడ్డు. మేము వెళ్ళేసరికి ఇన్‌స్పెక్టర్ ప్రహ్లాద్ ఆస్టిన్ బానెట్టుకు చేరగిలబడి సిగరెట్టు కాలుస్తున్నాడు. మనిషి మంచివాడే. తెలివైనవాడు కూడా. కానీ సూర్యప్రభగారిని చూస్తే అతనికి ఎక్కడో గిల్లినట్టు ఉంటుంది. అంతకుముందు రెండు కేసుల్లో ఓడిపోయాడు మరి!

"ఆయియే వకీలమ్మగారూ! షాలిబండల టైర్లు కొన్నరంట. ముబారక్! నా ఖూనీ కేసుల ఏలు పెట్టుడుకన్న గదే నయం."

"మీ కబుర్లు మా టైర్లకన్న జల్ది వస్తయి ఇన్‌స్పెక్టర్ సాబ్. కారు జర చూడొచ్చా?"

"చూడుండ్రి. నేనేం ఆపుతున్ననా? సబూత్, సాక్ష్యం అంతా నా జేబుల ఉన్నది."

ఆమె జరీ అంచు చీర పాడవుతుందని చూసుకోకుండా నేల మీద మోకాళ్ళూని కూచున్నారు. ముందు చక్రం చూశారు. వెనక చక్రం చూశారు. మళ్ళీ ముందుకొచ్చారు. టైరు గాడిలో వేలు పెట్టి రాసి ఆ వేలు వాసన చూశారు. కొత్త రబ్బరు మీద ఉండే సన్నటి నూగు ఇంకా రాలలేదు. ఆమె వేలికి దుమ్ము అంటింది. అంతే, కుంకుమ గానీ నిమ్మరసం గానీ అంటలేదు.

"బాబురావ్, ముందు చక్రాలకు ఏమున్నయి?"

నేను వంగి చూశాను. "గళ్ళు."

"వెనక?"

"గీతలు." అన్నాక నా నోరు దానంతటదే తెరుచుకుంది. "అమ్మా, తారుమారు అయ్యాయి!"

సూర్యప్రభగారు లేచి చేతులు దులుపుకున్నారు. "ఇన్‌స్పెక్టర్ సాబ్, ఈ టైర్లు రాజన్న ఎండకు తిప్పి చూసి, ముందటియి ఏవో, ఎనుకటియి ఏవో తన చేత్తోని ఎంచుకున్నడు. అట్ల ఎంచుకున్నోడు ఇట్ల ఎక్కిస్తడా?"

ప్రహ్లాద్ సిగరెట్టు పారేశాడు. ఒక్క క్షణం తడబడినట్టే కనిపించాడు. వెంటనే తేరుకున్నాడు.

"రాత్రి చీకట్ల, ఖూన్ జేసిన గాబరాల ఎవ్వనికైనా తారుమారైతయి. గీ మాట అదాలత్‌ల జెప్తే జడ్జి సాబ్ నవ్వుతడు."

"నిజమే. నవ్వుతడు."

ఆమె అంత తేలిగ్గా ఒప్పుకోవడంతో ప్రహ్లాద్‌కు అనుమానం పట్టుకుంది. నాకు ఏడ్చి వాచిన అలివేలు కళ్ళు గుర్తొచ్చాయి. సూర్యప్రభగారు మాత్రం గోడకున్న గూటివైపు నడిచారు. అందులో ఇత్తడి పళ్ళెం. పళ్ళెంలో నాలుగు నిమ్మకాయలు, కుంకుమ పొట్లం, కర్పూరం. కాయలు ఎండి ముడతలు పడ్డాయి. కుంకుమ పొట్లం విప్పనేలేదు.

"ఇవి జూసిండ్రా?"

"జూసిన. పూజ సామాను. ఖూన్ జేసినోనికి నిమ్మకాయలు యాదికుంటయా వకీలమ్మగారూ?"

"ఖూన్ జేసినోని సంగతి తర్వాత. శనివారం పొద్దున మీరొచ్చేదాక ఈ ఇంట్ల ఎవ్వరికీ ఖూన్ సంగతే తెల్వదు. కొత్త టైర్లు కండ్ల ముందర కనబడ్తున్నయి. పళ్ళెం తయారుగ ఉన్నది. నాగమణమ్మగారు ఎందుకు ఊకున్నరు?"

"ఏకాదశి దాక ఆగుదమనుకున్నదేమో. వకీలమ్మగారూ, జగన్నాథం సేట్ మీద మీకు అనుమానముంటే ఇప్పుడే తీసేసుకోండ్రి. ఆయన ధర్మాత్ముడు. పద్ధతి తప్పని మనిషి."

"నేను గూడ గదే అంటున్న," అన్నారామె. "పద్ధతి తప్పని మనిషి. నేను నమ్ముకున్నది గా ఒక్క మాటనే. రాండ్రి, లోపలికి పోదం."

హాల్లో జగన్నాథం సేటు చాప మీద కూచుని ఉన్నాడు. గడ్డం మాసి ఉంది. నుదుట బొట్టు లేదు. దేవుడి గూటికి పరదా దించేసి ఉంది. పాలోడు, అంటే దాయాది, పోయిన ఇల్లు; మైల పాటిస్తున్నారు. లోపలి గుమ్మానికి ఆనుకుని నాగమణమ్మ కూచుంది. డెబ్భై దాటినా వెన్ను నిటారుగా ఉంది.

సేటు లేచి నమస్కారం పెట్టాడు. "కూసోండ్రి వకీలమ్మ. రాజన్న దిక్కు మీరు నిలవడ్డరని ఇన్న. తప్పులేదు. వాడు గిట్ల జేస్తడని నేను కలల గూడ అనుకోలే."

ఆ గొంతులో నిజంగానే బాధ ఉంది. అది వింటే నాకే అతని మీద జాలి కలిగింది.

"రెండు మాటలడిగి పోత సేట్ సాబ్. సదాశివ పోయిన సంగతి మీకెప్పుడు తెలిసింది?"

"శనివారం, తొమ్మిది దాటినంక. ఇన్‌స్పెక్టర్ సాబే వచ్చి జెప్పిండు."

"నేనే జెప్పిన," అన్నాడు ప్రహ్లాద్.

"అంతకుముందు ఎవరన్న వచ్చిండ్రా? ఏమన్న కబురు?"

"లేదు. కబురెట్ల వస్తది? తల నొస్తుంటే పొద్దెక్కేదాక పండుకొనే ఉన్న."

"రాజన్న వచ్చేసరికి టైర్లు మారి ఉండె గద. అడగలేదా?"

"వాడే మార్చిండనుకున్న. అంతే."

సూర్యప్రభగారు తలూపి నాగమణమ్మ వైపు తిరిగారు. గొంతు మార్చేశారు. పెళ్ళి పేరంటంలో పెద్ద ముత్తైదువను పలకరించినట్టు నెమ్మదిగా, కొంచెం పొగుడుతూ మాట్లాడారు.

"నాగమణమ్మగారూ, మీ ఇంటి పద్ధతులు బస్తీ అంతా చెప్పుకుంటరు. కొత్త కుట్టుమిషనుకు గూడ హారతిచ్చినరంట. మరి కారు టైర్లకు నిమ్మకాయలెందుకు తొక్కియ్యలేదమ్మా? షెడ్డుల ఎండిపోతున్నయి. మరిచిపోయినట్టున్నరు."

ముసలామె ముక్కుపుటాలు అదిరాయి.

"నేనా? మరుస్తనా? ఏమమ్మా, చదువుకున్నదానివి, నోటికొచ్చినట్టు అంటవా? ఆ పొద్దు లేచి వాకిట్లకొస్తే టైర్లెక్కి ఉన్నయి. ఏకాదశి దాక ఆగుమంటే రాజన్న ఆగలే అనుకున్న. ఎక్కిచ్చినంక ఒట్టిగ వదులుతమా? పళ్ళెం పట్టుకొని పోయిన. కర్పూరం ముట్టియ్యబోతుంటే వీడే వచ్చి చెయ్యి పట్టుకున్నడు."

"అమ్మా," అన్నాడు జగన్నాథం.

"నువ్వాగు. నన్ను మతిలేనిదాన్ని జేస్తున్నది."

సూర్యప్రభగారు ఇంకొంచెం ముందుకు జరిగారు. "చెయ్యి పట్టుకొని ఏమన్నడమ్మా?"

"'ఇయ్యాల వద్దమ్మా, పది దినాలు పోనీ' అన్నడు. అదేందిరా, ఏకాదశి సోమవారమే గద, పది దినాలేంది అన్న. మాట్లాడకుంట లోపలికి పోయిండు. వానికేదో మంచి దినం తెలిసే ఉంటదని ఊకున్న. నా కొడుకు నాకంటె పద్ధతిగలోడు!"

ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆమె మొహం వెలిగిపోయింది. నాకు ఇంకా ఏమీ అర్థం కాలేదు. కానీ పక్కన ప్రహ్లాద్ ఒక్కసారి ముందుకు వంగాడు. అతను ఈ బస్తీలోనే పుట్టి పెరిగినవాడు.

"అప్పటికి పొద్దెంతైందమ్మా?" అని అడిగింది సూర్యప్రభగారు కాదు. ఇన్‌స్పెక్టరే అడిగాడు.

"పాలాయన వచ్చే యాళ్ళ. అగో, పాలచెంబు అరుగు మీద పెట్టి పోతనే ఉండె. మీరు ఇంకా ఎప్పటికో వస్తిరి."

"అమ్మ పెద్దదైంది," అన్నాడు జగన్నాథం తొందరగా. "ఏ దినం మాట ఏ దినంల కలుపుతదో ఆమెకే తెల్వదు. మీరొచ్చినంక అన్న మాట అయ్యుంటది."

"పోలీసులొచ్చినంక కర్పూరం ఎందుకు ముట్టిస్తరా నేను?" నాగమణమ్మ అంతెత్తున లేచింది. "పాలోల్లింట్ల చావైందని తెలిసినంక హారతిస్తనా? నాకు గా మాత్రం తెల్వదా?"

సూర్యప్రభగారు నిలబడ్డారు. గొంతు పెంచలేదు. నేను ఆమె దగ్గర చేరినప్పటినుంచి ఎన్నో వాదనలు విన్నాను. కోర్టులో కిటికీ రెక్కలు అదిరేలా మాట్లాడిన రోజులున్నాయి. కానీ ఆ హాల్లో అంత మెత్తగా అడిగిన ఒక్క ప్రశ్నే నాకు అన్నిటికంటే గొప్పగా అనిపిస్తుంది.

"సేట్ సాబ్, పాలోల్లింట్ల చావైతే పది దినాలు మైల. మైలల హారతి లేదు, నిమ్మకాయ లేదు, దీపం లేదు. రాజన్నకు మీ మైల అంటదు. టైర్లు వాడే ఎక్కిస్తే ముందుగాల కాయలు తొక్కిచ్చేటోడు. మీరు తొక్కియ్యలేదు, తొక్కియ్యనియ్యలేదు. ఎందుకో నాకు సమజైంది. నాకు తెల్వనిది ఒక్కటే ఉన్నది. ఇన్‌స్పెక్టర్ సాబ్ వచ్చి జెప్పకముందే, పాలాయన వచ్చే యాళ్ళకే, మీ ఇంటికి మైల వచ్చిందని మీకెవరు జెప్పిండ్రు?"

జగన్నాథం లేదన్నట్టు చెయ్యెత్తాడు. కప్పుకున్న శాలువా భుజం మీదనుంచి జారింది. అరచేతిలో జాకీ రాడ్డు ఒరిపిడికి పడ్డ బొబ్బలు అప్పుడు కనిపించాయి. ప్రహ్లాద్ వాటిని చూశాడు. రెండడుగులు వేసి వాకిలికి అడ్డంగా నిలబడ్డాడు.

మనిషిని రెండుసార్లు తొక్కించగలిగాడు. చీకట్లో నాలుగు చక్రాలు మార్చగలిగాడు. పాతవి మాయం చెయ్యగలిగాడు. పాతికేళ్ళుగా ఉన్న డ్రైవరు మెడకు ఉరితాడు తగిలించగలిగాడు. కానీ మైలలో కర్పూరం వెలిగించడానికి అతని చెయ్యి రాలేదు. ఆ చెయ్యి రాదని మా వకీలమ్మ టైర్ల దుకాణంలోనే పసిగట్టారు!

నాగమణమ్మ కొడుకు వైపు చూస్తూనే ఉంది. ఆమెకు ఆ ప్రశ్న మెల్లగా ఎక్కుతున్నట్టుంది. పరదా దించిన దేవుడి గూటివైపు చూసింది. మళ్ళీ కొడుకు వైపు చూసింది.

"ఆ పొద్దు హారతి ఆపి, లోపలికొచ్చి తలనొప్పని పండుకున్నవు," అంది. "శనివారం దీపం ఆగొద్దని నేను స్నానం జేసి ముట్టిచ్చిన. నువ్వు మంచంల కండ్లు తెరుచుకొని సూస్తనే ఉంటివి."

"అమ్మా..."

"నీకు తెల్సి, నా చేత మైలల దీపం పెట్టిచ్చినవారా?"

జగన్నాథం సేటు తల్లి కాళ్ళ దగ్గర చాప మీద కుప్పకూలిపోయాడు. ఆమె కాళ్ళు వెనక్కి తీసుకుంది.

ప్రహ్లాద్ టోపీ తీసి చంకలో పెట్టుకుని వాకిట్లో ఉన్న జవానును కేకేశాడు.

"ఠాణాకు ఉరుకు. రాజన్న తాళం తియ్యమను."